రెండవ అక్షరాభ్యాసం

ఈ శీర్షికలో నెలనెలా మనం మాటల గురించి ముచ్చటించుకుంటున్నాము. ఒక భాషలోని మాట మరొక భాషలోకి వచ్చేటప్పుడు దారిలో ఏమి పోగొట్టుకుంటుంది, ఏమి సంపాదించుకుంటుంది అన్నది అనువాదకులకు నిత్య వ్యవహారం. ఈ నెల కూడా ఒక మాటతోనే ప్రారంభిస్తాను. అయితే ఈ మాట నన్ను నిఘంటువుల దగ్గరనుంచి లేవదీసి మా నాన్నగారి మంచం పక్కకు తీసుకుపోయింది.

ఇంగ్లీషులోని "రిహాబిలిటేషన్" అనే పదాన్ని మనం "పునరావాసం" అంటున్నాము. ఆనకట్ట కింద ఊరు మునిగినప్పుడు, తుఫానుకు ఇళ్ళు కొట్టుకుపోయినప్పుడు నిర్వాసితులకు కల్పించేది పునరావాసం. ఇంగ్లీషు మాటకు మూలమైన లాటిన్ పదంలో ఇల్లూ లేదు, ఊరూ లేదు. "హాబిలిస్" అంటే చేతనైనవాడు, సమర్థుడు. కనుక రిహాబిలిటేషన్ అంటే చేతకానివాడిని తిరిగి చేతనైనవాడిగా చేయడం. చాలాకాలం క్రితం ఒక ఆరోగ్య నివేదికను అనువదిస్తూ, పక్షవాత రోగుల ప్రసక్తి వచ్చిన ప్రతిచోటా నేను "పునరావాసం" అని రాసి ఊరుకున్నాను. రోగి తన ఇంట్లోనే ఉన్నాడు గదా, అతనికి పునరావాసం ఏమిటన్న సందేహం నాకు కలగలేదు.

2017 ఆగస్టులో ఒకనాటి తెల్లవారుజామున, తెనాలిలో, మా నాన్నగారు నిద్రలేచి మంచినీళ్ళ చెంబు అందుకోబోతే కుడిచెయ్యి లేవలేదు. అమ్మను పిలవబోతే మాట ముద్దగా వచ్చింది. నోరు ఒక పక్కకు లాగింది. ఏదో వాతం చేసిందనుకుని అమ్మ వెచ్చని నూనె రాసింది. పొద్దెక్కిన తరువాత ఇరుగుపొరుగువారు చూసి ఆసుపత్రికి చేర్చారు. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందును సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. ఆయనకు పోటు నిద్రలో ఏ వేళ వచ్చిందో ఎవరికీ తెలియదు. ఆ మందుకు వేళ మించిపోయిందన్నారు. నోరు వంకరపోవడం, చెయ్యి వాలిపోవడం, మాట తడబడడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా నూనె కోసం వెదకక 108కి ఫోను చేయాలన్నది మేము ఆలస్యంగా నేర్చుకున్న మొదటి పాఠం.

తొమ్మిది రోజుల తరువాత ఆయనను ఇంటికి తెచ్చుకున్నాము. చేతిలో కాగితాల కట్ట పెట్టారు. రక్తపోటుకు, రక్తం గడ్డకట్టకుండా ఉండడానికి, కొలెస్టరాలుకు మందులు, వాటి వేళలు అన్నీ స్పష్టంగా రాసి ఉన్నాయి. ఆఖరి కాగితం అడుగున ఒకే ఒక వాక్యం: "వ్యాయామం చేయించవలెను." ఎవరు చేయించాలి, ఏ వ్యాయామం, రోజుకు ఎన్నిసార్లు, ఎన్నాళ్ళు? ఆ వాక్యం ఏమీ చెప్పలేదు. ఆ ఒక్క వాక్యాన్ని అనువదించుకోవడానికి మా ఇంటిల్లిపాదికీ ఏడాదికి పైగా పట్టింది.

మా నాన్నగారు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు. 1978 అక్టోబరు 2న దేశమంతటా వయోజన విద్యా కార్యక్రమం మొదలైన తరువాత, ఊరి చివర రాత్రి బడి నడిపారు. పగలంతా పొలంలో పని చేసి వచ్చినవారికి లాంతరు వెలుగులో సంతకం నేర్పడం ఆయనకు వ్రతం. "ఒక్క సంతకం వస్తే చాలు, వేలిముద్ర బతుకు పోతుంది" అనేవారు. అటువంటి మనిషి, ఆ సంవత్సరం దసరాల ముందు, పింఛను డబ్బు తీసుకోవడానికి కారులో కూర్చుని బ్యాంకుకు వెళ్ళారు. సంతకం పెట్టలేరు గనుక ఇద్దరు సాక్షుల ఎదుట వేలిముద్ర వేయాలన్నారు. నిబంధన అదే; అందులో ఎవరి తప్పూ లేదు. గుమాస్తా ఎంతో మర్యాదగా ఆయన ఎడమచేతి బొటనవేలిని సిరాకు అద్ది కాగితం మీద ఒత్తించాడు. ఇంటికి వచ్చిన తరువాత నాన్నగారు ఆ వేలిని చాలాసేపు పంచె అంచుతో తుడుచుకుంటూ ఉండిపోయారు. మర్నాటినుంచి మాట్లాడడం తగ్గించారు.

అమ్మ ఆయనను కంటికి రెప్పలా చూసుకున్నది. స్నానం చేయించేది, చొక్కా తొడిగేది, ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. నేను నా కాగితాలు, నిఘంటువులు తెచ్చుకుని అక్కడే మకాం వేశాను. ఆయన నోరు తెరవకముందే ఏమి కావాలో ఊహించి అందించేదాన్ని. "ఎంత అదృష్టవంతుడయ్యా!" అని చూడవచ్చినవారందరూ అన్నారు. మేమూ అదే అనుకున్నాము. మూడో నెలకు ఆయన కుడిచెయ్యి మోచేతి దగ్గర ముడుచుకుని, గుండెకు ఆనుకుని బిగుసుకుపోవడం మొదలైంది.

అప్పుడు, బంధువుల సలహాతో, ఒక ఫిజియోథెరపిస్టును ఇంటికి రప్పించాము. ముప్పై ఏళ్ళు దాటని అమ్మాయి. మొదటిరోజు ఏ వ్యాయామమూ చేయించలేదు. అరగంట సేపు మా ఇల్లు ఎలా నడుస్తుందో చూస్తూ కూర్చున్నది. అమ్మ ఆయనకు టిఫిను తినిపించడం చూసింది. తరువాత మెల్లగా అన్నది: "అమ్మగారూ, మీరు మాస్టారికి కడుపునిండా పెడుతున్నారు. ఆయన చేతిని మాత్రం పస్తు పడుకోబెడుతున్నారు." అమ్మ కళ్ళనీళ్ళ పర్యంతమై లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట నాకూ ఆ అమ్మాయి మీద కోపం వచ్చింది. కానీ ఆమె చెప్పినది నిజమో కాదో తెలుసుకోవాలనుకున్నాను. చదవడం నా వృత్తి కనుక చదివాను. చదివినదాని సారాంశం పాఠకుల ముందుంచుతాను.

మెదడుకు రక్తాన్ని చేరవేసే నాళం పూడుకుపోయినా, చిట్లినా, ఆ మేరకు మెదడు కణాలు చనిపోతాయి. మెదడులోని ఎడమ భాగం శరీరంలోని కుడి భాగాన్ని, కుడి భాగం ఎడమ భాగాన్ని నడిపిస్తాయి గనుక ఒక పక్క చచ్చుబడుతుంది. పక్షం అంటే పార్శ్వం. రెక్క అని కూడా అర్థం. ఒక రెక్క తెగిన పక్షి వంటి స్థితి అది. చనిపోయిన కణాలు తిరిగి బతకవు. ఈ మాట విన్నప్పుడు ఇంటిల్లిపాదీ నీరుగారిపోతారు. కానీ చెయ్యి కదలకపోవడానికి కారణం చనిపోయిన కణాలు మాత్రమే కాదు. వాటి చుట్టుపక్కల, దెబ్బ తగిలి తాత్కాలికంగా మూగవోయిన కణాలు కూడా ఉంటాయి. వాపు తగ్గినకొద్దీ వాటిలో కొన్ని మేలుకుంటాయి. మొదటి మూడు నెలలలో రోగులు త్వరగా తేరుకోవడానికి ఇది ఒక కారణం. అంతకన్న ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. బతికి ఉన్న కణాలు, చనిపోయినవాటి పనిని కొంతవరకు నేర్చుకోగలవు. అయితే అడిగితేనే నేర్చుకుంటాయి, అదీ పదేపదే అడిగితేనే.

1917లోనే అమెరికాలో షెపర్డ్ ఐవరీ ఫ్రాంజ్ అనే శాస్త్రజ్ఞుడు, ఆగ్డెన్ అనే సహచరునితో కలిసి, ఒక పక్క చచ్చుబడిన కోతులతో ఒక విషయం గమనించాడు. మంచి చేతిని కట్టివేసి చచ్చుబడిన చేతిచేత పని చేయిస్తే అది తిరిగి పనికి వచ్చింది, వదిలివేస్తే రాలేదు. ఆ సంగతిని దశాబ్దాలపాటు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తరువాత ఎడ్వర్డ్ టాబ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, చేతినుంచి మెదడుకు స్పర్శను తీసుకుపోయే నాడులు తెంచిన కోతులను పరిశీలించి దానికి కారణం చెప్పాడు. దెబ్బ తిన్న కొత్తలో ఆ చెయ్యి ఎంత ప్రయత్నించినా కదలదు. ప్రయత్నించిన ప్రతిసారీ పరాభవమే. అందువల్ల జంతువు మంచి చేతితోనే అన్నీ చక్కబెట్టుకోవడం అలవరచుకుంటుంది. కొన్నాళ్ళకు చెడిన చేతికి కదిలే శక్తి కొంత తిరిగి వచ్చినా, "ఇది పనికిరాదు" అన్న పాఠం అప్పటికే మెదడులో నాటుకుపోయి ఉంటుంది. వాడకపోవడాన్ని అది నేర్చుకున్నదన్నమాట. ఆ ప్రయోగశాలలోని కోతుల దుస్థితి మీద 1981లో అమెరికాలో పెద్ద వివాదమే చెలరేగింది. ఈ జ్ఞానానికి మూగజీవులు చెల్లించిన మూల్యాన్ని మరచిపోకూడదు.

1996లో రాండాల్ నూడో, అతని సహచరులు మరొక మెట్టు ఎక్కారు. మెదడులో చేతి కదలికలకు సంబంధించిన చోట చిన్న దెబ్బ తగిలిన కోతులకు, గుంటలలోనుంచి వేళ్ళతో ఆహారపు ముక్కలు తీసుకునే పని పదేపదే ఇచ్చారు. అటువంటి సాధన లేనప్పుడు, దెబ్బ తగిలిన చోటు చుట్టూ చేతికి చెందిన ప్రాంతం ఇంకా కుంచించుకుపోతుంది. సాధన చేసిన కోతులలో అది నిలిచింది. కొన్నింటిలో పక్క ప్రాంతాలలోకి విస్తరించింది కూడా. పొలం గట్టు వంటిదే ఇదీ. దున్నినంత మేర మనది, దున్నకుండా వదిలినది పక్కవాడిది.

ఇక మనుషుల సంగతి. 2006లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, పోటు వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మంది పాల్గొన్నారు. వారిలో కొందరికి రెండు వారాలపాటు, మెలకువగా ఉన్న సమయంలో అధికభాగం, మంచి చేతికి సంచి వంటి తొడుగు తొడిగారు. రోజూ గంటల తరబడి బలహీనమైన చేతితోనే పనులు చేయించారు. మామూలు చికిత్స పొందినవారికన్న వీరి చెయ్యి మెరుగుపడింది. ఏడాది తరువాత కూడా ఆ మేలు నిలిచి ఉన్నది. అయితే ఈ పద్ధతి మణికట్టునూ వేళ్ళనూ ఎంతో కొంత చాచగలిగినవారికే. బొత్తిగా కదలిక లేని చేతికి ఇది వర్తించదు.

సాహిత్యం చదువుకున్నదాన్ని గనుక, నన్ను అంకెలకన్న ఎక్కువగా కదిలించినది ఒక మనిషి కథ. పెడ్రో బాక్-ఇ-రీటా అనే కవి న్యూయార్కు సిటీ కళాశాలలో ఆచార్యుడు. 1959లో ఆయనకు పక్షవాతం వచ్చి ఒక పక్కా, మాటా పడిపోయాయి. ఇక ఆశ లేదన్నారు. ఆయన కుమారుడు జార్జి అప్పట్లో మెక్సికోలో వైద్య విద్యార్థి. ఈ చికిత్స గురించి ఏమీ తెలియనివాడు. బహుశా తెలియకపోవడమే మేలయింది. తండ్రిని మెక్సికో తీసుకుపోయి, నడక నేర్పబోయేముందు పసిపిల్లవాడిలాగా పాకడం నేర్పాడు. చచ్చుబడిన భుజాన్ని గోడకు ఆనించి పాకించేవాడు. ఒక ఆచార్యుడిని ఇలా పాకించడం ఏమి మర్యాద అని ఇరుగుపొరుగువారు నొచ్చుకున్నారు. కొడుకు వినలేదు. నేలమీద గోళీలు దొర్లించి అందుకోమనేవాడు, బలహీనమైన చేతితో గిన్నెలు తోమించేవాడు. పెడ్రో నడిచాడు, మాట్లాడాడు, తిరిగి కళాశాలలో పాఠం చెప్పాడు. కొన్నేళ్ళకు కొలంబియాలో కొండ ఎక్కుతూ గుండెపోటుతో మరణించాడు. మరణానంతరం మెదడును పరిశీలిస్తే, పక్షవాతపు దెబ్బ చాలా పెద్దదనీ, అది మానలేదనీ తేలింది. మానని దెబ్బతోనే ఆయన కొండలు ఎక్కాడన్నమాట. పెడ్రో మరొక కుమారుడు పాల్, మెదడు శాస్త్రజ్ఞుడు. ఇది చూసిన తరువాత తన జీవితాన్ని ఈ పరిశోధనకే అంకితం చేశాడు. ఒక్క మనిషి కథ అందరికీ ప్రమాణం కాదు. మీ తండ్రిగారిని పాకించండని నేను చెప్పడం లేదు. ఏమి సాధ్యమో ముందుగా హద్దు గీయకూడదని మాత్రం ఆ కథ చెబుతున్నది.

మళ్ళీ తెనాలికి వస్తాను. ఆ అమ్మాయి మర్నాడు వచ్చింది. అమ్మకు నమస్కారం చేసి, "మీ వంటింట్లో మరచెంబు ఉన్నదా అమ్మగారూ?" అని అడిగింది. ఎప్పుడో తీర్థయాత్రలకు తీసుకుపోయిన ఇత్తడి మరచెంబు అటకమీదనుంచి దిగింది. దాని మూత తిప్పి తీయడం, తిరిగి బిగించడం మణికట్టుకు సాధన. గ్లాసును బల్ల మీద ఒక చోటనుంచి మరొక చోటికి జరపడం భుజానికి, మోచేతికి. చేతులు లేని ఎత్తు కుర్చీలోనుంచి లేచి నిలబడి, తిరిగి నెమ్మదిగా కూర్చోవడం కాళ్ళకు. మొదట్లో ఒక మనిషి దగ్గర నిలబడి ఉండేవారు. కుర్చీని గోడకు ఆనించేవారు. కాళ్ళకు బలం వచ్చినకొద్దీ కుర్చీ ఎత్తు తగ్గించారు. పని తేలిక కాగానే దాన్ని మరికొంత కష్టం చేయడమే ఈ విద్యలోని రహస్యమని ఆమె చెప్పింది.

ఎన్నిసార్లు చేయాలన్నది మరొక ప్రశ్న. 2009లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, పక్షవాత రోగులు ఫిజియోథెరపీకి వెళ్ళినప్పుడు, చేతితో నిజమైన పని చేసే సాధన ఒక్కొక్క దఫాలో సగటున 32 సార్లు మాత్రమే జరుగుతున్నదని తేలింది. జంతువుల మీద ప్రయోగాలలో మెదడు మారడానికి వందల సార్లు అవసరమైంది. వీణ నేర్చుకునే పిల్లకు రోజుకు 32 సార్లు తీగ మీటితే విద్య వస్తుందా? నాన్నగారు తమ విద్యార్థులచేత పద్యం నూరుసార్లు వల్లె వేయించినవారే. మా పాత డైరీలో రోజూ గీతలు గీసి లెక్కపెట్టాము. మరచెంబు ఇన్నిసార్లు, గ్లాసు ఇన్నిసార్లు, లేచి నిలబడడం ఇన్నిసార్లు. అలసిపోతే విరామం, ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, ఆయాసం ఏది కనిపించినా ఆ పూటకు ఆపివేయడం. రక్తపోటు, చక్కెర అదుపులో ఉన్నాయని డాక్టరు చెప్పిన తరువాతే సాధన పెంచాము.

వేళ్ళ కోసం ఏమి చేయాలా అని ఆలోచిస్తుంటే అమ్మే దారి చూపించింది. వామనగుంటల పీట తీసుకువచ్చి ఆయన ముందు పెట్టింది. చింతపిక్కలు గుంటలోనుంచి తీయడం, పిడికిట పట్టడం, ఒక్కొక్కటిగా వదలడం. వదలడమే కష్టం, బిగిసిన వేళ్ళు పట్టుకున్నదాన్ని విడిచిపెట్టవు. మొదటి వారం పిక్కలన్నీ నేలపాలు. ఆయనకు కోపం వచ్చి పీటను తోసివేశారు. అమ్మ పిక్కలు ఏరుకుని తిరిగి గుంటలలో పోసి, "ఏమండీ, మీ వంతు" అన్నది. అంతవరకు ఆయనకు ముద్దలు పెట్టిన అమ్మ, ఆ రోజునుంచి ఆయనతో పోటీకి కూర్చున్నది. ఆమె ఎన్నడూ కావాలని ఓడిపోలేదు. పక్షవాతం వచ్చిన ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరిని మానసికమైన కుంగుబాటు పట్టుకుంటుందని, అవసరమైతే దానికి మందు కూడా వాడాలని డాక్టర్లు చెబుతారు. మా నాన్నగారికీ కొన్నాళ్ళు మందు వాడవలసి వచ్చింది. ఆయన నోట తిరిగి మాట వినిపించినది మాత్రం ఆ పీట ముందే: "దొంగాట ఆడకు."

ఈ కథలో మేము చేసిన పొరపాట్లూ చెప్పాలి. మంచం మీదనుంచి లేవదీసేటప్పుడు ఆయనను కుడిచేయి పట్టుకుని లాగేవాళ్ళము. పట్టు కోల్పోయిన భుజం కీలు అలా లాగితే జారుతుంది. నెలల తరబడి నొప్పి పెడుతుంది. నడుముకు, వీపుకు ఆసరా ఇచ్చి లేపాలి. నూనె మర్దన మీద చాలా ఆశ పెట్టుకున్నాము. మర్దన హాయినిస్తుంది, చర్మానికి మంచిది. కానీ ఇంకొకరు కదిపితే కదిలే చెయ్యి ఏమీ నేర్చుకోదు. మెదడు ప్రయత్నించినప్పుడే చెయ్యి నేర్చుకుంటుంది. పావురం రక్తం పట్టించమని ఒకరు సలహా ఇచ్చారు. దానివల్ల పావురం ప్రాణం పోవడం తప్ప ఫలితం లేదు.

"ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు గదా, ఆసుపత్రిలో మొదటి రోజునుంచే గట్టిగా చేయించి ఉంటే?" అని నేను చాలాకాలం బాధపడ్డాను. 2015లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన నా బాధను తీర్చింది. ఐదు దేశాలలోని 56 ఆసుపత్రులలో 2,104 మంది రోగులను పరిశీలించారు. పోటు వచ్చిన 24 గంటలలోపే లేవదీసి, ఎక్కువ మోతాదులో కదిలించినవారిలో, మూడు నెలల తరువాత మంచి స్థితిలో ఉన్నవారు 46 శాతం; మామూలు పద్ధతిలో చికిత్స పొందినవారిలో 50 శాతం. తొందరపాటు మేలు చేయలేదు. మొదటి రోజులు వైద్యులవి. సాధనకు తరువాత చాలా కాలం ఉన్నది.

ఖరీదైన యంత్రాలు లేవని చింతించేవారికి మరొక సంగతి. 2011లో అమెరికాలో 408 మంది మీద జరిగిన పరిశోధనలో, కొందరిని నడుముకు పట్టీలు కట్టి, పైనుంచి వేలాడదీసి, కదిలే పట్టా మీద నడిపించారు. మరికొందరికి ఫిజియోథెరపిస్టు ఇంటికి వెళ్ళి బలానికి, నిలకడకు క్రమంగా కష్టతరమయ్యే వ్యాయామాలు చేయించారు. ఏడాది చివర రెండు పద్ధతులలోనూ నడక ఒకే తీరుగా మెరుగుపడింది. గోడ, కుర్చీ, నేర్పరియైన మనిషి ఆ యంత్రానికి తీసిపోలేదు.

"నేర్పరియైన మనిషి" అన్న మాటను కావాలనే వాడాను. ఎందుకంటే మన దేశంలోనే, 14 ఆసుపత్రులలో, 1,250 మంది రోగులతో జరిగిన పరిశోధన 2017లో ప్రచురితమైంది. మా నాన్నగారు పడిపోయిన సంవత్సరమే. కుటుంబసభ్యులకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, ఇంటివద్ద వారిచేతనే వ్యాయామం చేయిస్తే సరిపోతుందా అన్నది అక్కడ ప్రశ్న. ఆరు నెలల తరువాత, మరణించినవారు లేదా ఇతరుల మీద ఆధారపడినవారు అటు 47 శాతం, ఇటూ 47 శాతమే. అనగా ఒట్టి ఆప్యాయత, నాలుగు రోజుల శిక్షణ చాలవు. ఇంటివారు ఎంత మంచివారైనా, ఏ కండరం ఎప్పుడు ఎంత అడగాలో తెలిసినవారు వారం వారం వచ్చి చూసి, సాధనను మారుస్తూ ఉండాలి. మన ఊళ్ళలో అటువంటివారు కొద్దిమందే. వారి రుసుము భరించగలవారు ఇంకా కొద్దిమంది. మందుల షాపు లేని వీధి లేదు. సాధన చేయించే చోటు మాత్రం మండలానికి ఒకటి కూడా కనబడదు. "వ్యాయామం చేయించవలెను" అని కాగితం మీద రాసే ఆసుపత్రులు, ప్రభుత్వాలు, ఆ వాక్యానికి కర్త ఎవరో కూడా చెప్పవలసి ఉన్నది.

మా నాన్నగారు పూర్తిగా కోలుకున్నారని రాస్తే అది అబద్ధం అవుతుంది. నేటికీ చేతికర్ర లేకుండా వీధిలోకి వెళ్ళలేరు. చొక్కా బొత్తాలు ఎడమచేతితోనే పెట్టుకుంటారు. చలికాలంలో వేళ్ళు బిగుస్తాయి. కానీ అన్నం తామే కలుపుకుంటారు. మొదటిసారి కలుపుకున్ననాడు సగం అన్నం కంచం చుట్టూ పడింది. అమ్మ లేవబోయి, తనను తాను ఆపుకుని కూర్చున్నది. ఆమె చేసిన సేవలన్నింటిలోనూ అదే గొప్పదని ఈనాడు నాకు అనిపిస్తున్నది.

ఒక విజయదశమినాడు అమ్మ పళ్ళెంలో బియ్యం పోసి ఆయన ముందు పెట్టింది. వందలమందికి అక్షరాలు దిద్దించిన వేలు, బియ్యంలో "ఓ" రాయడానికి వణికింది. తరువాత పలక, బలపం. ఆ తరువాత లావుపాటి పెన్సిలు. పట్టు నిలవడానికి దానికి గుడ్డ చుట్టాము. రోజుకు రెండు పుటలు. పోటు వచ్చిన పదహారో నెలలో ఆయన మళ్ళీ బ్యాంకుకు బయలుదేరారు. ఈసారి మెట్లు తామే ఎక్కారు. ఫారం మీద తామే సంతకం చేశారు. కౌంటరు దగ్గరి యువకుడు దాన్నీ కంప్యూటరులోని పాత సంతకాన్నీ పోల్చి చూసి, సంకోచిస్తూ, "మాస్టారూ, సంతకం కలవడం లేదండీ" అన్నాడు.

నాకు గుండె జారిపోయింది. నాన్నగారు మాత్రం నవ్వారు. "కలవదు నాయనా. ఆ చెయ్యి పోయింది. ఇది కొత్తగా నేర్చుకున్నది. కొత్త కార్డు ఇవ్వు" అన్నారు.

"పునరావాసం" అన్న అనువాదం అంత తప్పు కాదని అప్పుడు అనిపించింది. మునిగిపోయిన ఊరు నీళ్ళలోనుంచి పైకి రాదు. గట్టు మీద కొత్త ఊరు కట్టుకోవాలి; దారులు కొత్తవి, బావి కొత్తది, మనిషి మాత్రం పాతవాడే. ఆయన తన దేహంలోనే అటువంటి ఊరు కట్టుకున్నారు, ఒక్కొక్క చింతపిక్కతో.

కొత్త కార్డు మీద నమూనా సంతకాలు పెట్టడానికి ఆయనకు పది నిమిషాలు పట్టింది. వెనుక వరసలోనివారు అసహనంగా కదులుతున్నారు. కార్డు జారుతూ ఉన్నది. పట్టుకుందామని నా చెయ్యి రెండుసార్లు ముందుకు పోయింది. రెండుసార్లూ వెనక్కు తీసుకున్నాను.